వేణ్నీళ్ల బాయిలరు

బాయిలరు అనే మాట వినగానే దిగువ కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి రెండు వస్తువులు గుర్తుకు వస్తాయి. ఒకటి, గుడివాడ చుట్టుపక్కల ధాన్యం మిల్లుల వెనుక, ఎత్తైన పొగగొట్టం పక్కన, ఊకను మింగుతూ ఆవిరిని కక్కే ఇనుప బాయిలరు. రెండవది, పెరట్లో స్నానాలగది గోడ పక్కన మూడు కాళ్లమీద నిలబడి, మెడ దగ్గర ఒక గరాటు, పొట్టకు ఒక కుళాయి తగిలించుకొన్న రాగి బాయిలరు. మొదటిదాని బాధ్యత చూడటానికి పరీక్ష నెగ్గి పట్టా పుచ్చుకొన్న మనిషి ఉండాలి. రెండవదానిని చూసుకొనేది ఆ ఇంటి కోడలో, ముసలమ్మో, సెలవులకు వచ్చిన మనుమడో. చట్టం దృష్టిలో ఈ రెండవది బాయిలరే కాదు. 1923 నాటి భారత బాయిలర్ల చట్టం గాని, దాని స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టం గాని పట్టించుకొనేది ఒత్తిడితో ఆవిరిని పుట్టించే పాత్రలనే. ఇంటి బాయిలరు ఆవిరి కోసం కాదు, స్నానానికి నీళ్లు కాచుకోవడం కోసం. అయినా నిప్పు, నీరు, గాలి అనే మూడింటి మధ్య జరిగే వ్యవహారం రెండింటిలోనూ ఒకటే. మిల్లులో ఆ వ్యవహారాన్ని కనిపెట్టడానికి నీటిమట్టం చూపే గాజుగొట్టమూ, ఒత్తిడి చూపే మీటరూ ఉంటాయి. ఇంట్లో కళ్లు, చెవులు, ముక్కు మాత్రమే ఉంటాయి.

బందరు తీరానా, దివిసీమలోనూ గడ్డకట్టే చలి ఏనాడూ ఉండదు. అలాగని వేణ్నీళ్ల అవసరం లేకపోలేదు. ధనుర్మాసపు వేకువ స్నానాలు, భోగినాటి తలంటి, బాలింతకూ పసిబిడ్డకూ పోసే నీళ్లు, జ్వరం తగ్గి లేచినవాడి మొదటి స్నానం, మోకాళ్లు పట్టేసిన పెద్దల కాపడం, వీటన్నిటికీ నీళ్లు కాగాలి. బాయిలరు రాకముందు పెరట్లో మూడు రాళ్లమీద పెద్ద కాగు ఎక్కించేవారు. ఆ పద్ధతిలో మంట కాగు అడుగును తాకి, పక్కలకు పోయి, సగానికి పైగా వేడిని గాలికి ధారపోసేది. కాగు బయటంతా మసి, ముంచుకొన్నప్పుడల్లా పొగ, తొణికితే కాలిమీద బొబ్బలు. బాయిలరులో జరిగిన మార్పు చిన్నదే గాని తెలివైనది. నీటి కింద ఉండవలసిన నిప్పును తీసుకొనిపోయి నీటి నడుమ పెట్టారు. ఒక పెద్ద పీపా, దాని మధ్యగా అడుగునుంచి పైదాకా ఒక గొట్టం. గొట్టంలో నిప్పు, గొట్టానికీ పీపాకూ నడుమ నీళ్లు. గొట్టం అడుగున ఇనుప ఊచల జల్లెడ, దాని కింద బూడిద రాలే చోటు. నిప్పు ఎటువైపు వేడిని చిమ్మినా అది నీళ్లకే చేరుతుంది. రష్యావారు తేనీటికి వాడే సమోవారు లోపలి కట్టడం కూడా ఇదే. మహారాష్ట్రలో ఇటువంటి పాత్రనే బంబు అంటారు.

వీటిలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో వేణ్నీళ్లు కిందనున్న కుళాయి తిప్పితే వస్తాయి. రెండవదానిలో కుళాయి ఉండదు. గరాటులో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే, అవి లోపలి సన్నని గొట్టం గుండా అడుగుకు దిగుతాయి. వేడి నీళ్లు తేలిక, చల్లనివి బరువు. కనుక అడుగున చేరిన చన్నీళ్లు పైనున్న వేణ్నీళ్లను నెట్టగా, పైమూతి నుండి అంతే కొలత వేణ్నీళ్లు బకెట్టులో పడతాయి. పోసినంతే వస్తుంది, పోయకపోతే రాదు. చూడటానికి ఇది పిసినారితనంలా కనబడుతుంది గాని, ఈ రెండవ రకం చేసినవాడే ఎక్కువ దూరం ఆలోచించాడు. అందులో నీళ్లు అడుగంటడం దాదాపు జరగదు. కుళాయి ఉన్నదానిలో చివరి బొట్టుదాకా పట్టుకోవచ్చు. ఆ సౌకర్యం నుంచే దాని పెద్ద జబ్బు పుడుతుంది.

ఆ జబ్బు సంగతికి ముందు ఇంధనం సంగతి చూడాలి. 20 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు తేవడానికి కావలసిన వేడి 700 కిలో కాలరీలు. ఇది బళ్లో చేసే చిన్న లెక్కే. కిలో కట్టెబొగ్గు కాలితే సుమారు 7,000 కిలో కాలరీలు వస్తాయి. అంటే పూర్తిగా నీటికే చేరితే వంద గ్రాముల బొగ్గు చాలు. ఎండుకట్టె అయితే దానికి రెండింతలు, ఊక అయితే రెండింతలకు కొంచెం పైన. నిజానికి వేడిలో ఎక్కువభాగం పొగతో పాటు పైకి పోతుంది కాబట్టి ఏది వేసినా మూడింతలు పడుతుంది. మంచి బాయిలరుకూ చెడిన బాయిలరుకూ తేడా ఆ మూడింతలు నాలుగైదింతలు కావడంలోనే తెలిసిపోతుంది. గుప్పెడు బొగ్గుతో అయ్యే పని బుట్టెడు బొగ్గుతో కూడా కాకపోతే బొగ్గు అమ్మినవాణ్ని తిట్టి లాభం లేదు. గొట్టంలో మసి, నీటివైపు పెచ్చు, జల్లెడలో బూడిద, ఈ మూడింటిలో ఏదో ఒకటి పేరుకొని ఉంటుంది.

డెల్టాలో బొగ్గు గనులు లేవు. 1889లో ఇల్లెందు ప్రాంతంలో తవ్వకాలు మొదలైన తరువాత సింగరేణి బొగ్గు రైలెక్కి తూర్పుకు వచ్చింది. బెజవాడ నుండి గుడివాడ మీదుగా బందరుకు రైలుమార్గం పడింది 1908లో. తెలుగువారు గనిలోని బొగ్గును రాక్షసిబొగ్గు అన్నారు. ఇంటి బాయిలరు విషయంలో ఆ పేరు సరిగ్గానే కుదిరింది. అది అంటుకోవడానికి మొండికేస్తుంది, అంటుకొన్నాక ఆగదు. దళసరిగా పేర్చి కిందినుండి బాగా గాలి ఆడనిస్తే గాని మండదు. బూడిద పాలు ఎక్కువ. అందులోని గంధకం మసిలో చేరి, వానాకాలపు తేమ తగిలినప్పుడు ఆమ్లంగా మారి రాగిని తింటుంది. అందుచేత రాక్షసిబొగ్గు వాడిన బాయిలరు గొట్టాన్ని తోమకుండా అటక ఎక్కించరాదు. తుమ్మబొగ్గు, సరుగుడు బొగ్గు దీనికంటె సౌమ్యమైనవి. తీరప్రాంతపు ఇసుకనేలల్లో సరుగుడు తోటలు ఉండటంచేత పుల్లకూ బొగ్గుకూ అక్కడ లోటులేదు. మిగిలినచోట్ల కొబ్బరి చిప్పలు, తాటిమట్టలు, వరి కోసిన తరువాత వేసే మినుము తాలూకు కట్టె, ఏది దొరికితే అది. కొబ్బరి చిప్ప మహా చురుకు. రెండు చిప్పలు చాలు అనుకొన్నచోట నాలుగు వేస్తే నీళ్లు కళపెళ కాగిపోతాయి. ఊక మాత్రం మోసం చేస్తుంది. వంద కిలోల ధాన్యం ఆడితే ఇరవై కిలోల దాకా ఊక, ఆ ఊక కాలితే నాలుగు కిలోల దాకా బూడిద. ఆ బూడిద చాలావరకు ఇసుక జాతిదే. అది ఊక ఆకారంలోనే నిలిచి జల్లెడను మూసేస్తుంది. ఊక వేసేవారు ఇనుపచువ్వ చేతిలో పట్టుకొనే కూర్చోవాలి. ఇక ఈ రోజుల్లో చేతికందిన పాలపాకెట్లు, ప్లాస్టిక్ సంచులు, పాత గొట్టాల ముక్కలు నిప్పులో పడేయడం ఒక అలవాటయింది. వాటిలో కొన్ని కాలినప్పుడు వచ్చే ఆమ్లపు పొగ మనిషి ఊపిరితిత్తులను, రాగి గొట్టాన్ని ఒక్కలాగే కొరుకుతుంది.

నిప్పు అంటుకోకపోవడం అనేది బాయిలరు జబ్బులలో చాలా చిన్నది, చాలా తరచుగా వచ్చేది. కొత్తవారు వెంటనే కిరసనాయిలు సీసా అందుకొంటారు. పాతవారు ముందుగా కింద చేయిపెట్టి బూడిద దూస్తారు. గాలి కిందినుండి ప్రవేశించి, నిప్పును తాకి, వేడెక్కి పైకి పోవాలి. నిన్నటి బూడిద జల్లెడ కింద నిండుగా ఉంటే ఆ దారి లేదు. విసనకర్రతో పైనుండి ఎంత విసిరినా పొగ ముఖాన కొడుతుందే తప్ప మంట రాదు. బందరు వంటి చోట సముద్రపు గాలి తగిలి ఇనుప ఊచలు తుప్పు పట్టి, ఉబ్బి, ఒకదానికొకటి అంటుకొంటాయి. ఆపైన ఎప్పుడో ఒకరోజు విరిగి బొగ్గంతా కింద పడుతుంది. ఈ జల్లెడ ఒక్కటే బాయిలరులో తరచుగా మార్చవలసిన భాగం. మార్చడం తేలిక, ఖర్చు తక్కువ, అందుకే ఎవరూ మార్చరు. కిరసనాయిలు సంగతి వేరు. నిప్పు లేదనుకొని కనకన కాలుతున్న బొగ్గుమీద కిరసనాయిలు పోస్తే అది ముందు ఆవిరై గొట్టం నిండుతుంది, తరువాత ఒక్కసారిగా భగ్గుమంటుంది. గొట్టంలోకి తొంగిచూస్తున్న ముఖం దానికి ఎదురుగా ఉంటుంది.

ఇక పెద్ద జబ్బు. రాగి కరగాలంటే 1,085 డిగ్రీల వేడి కావాలి. ఇంట్లో బొగ్గు నిప్పు అంతదాకా సాధారణంగా పోదు. కాని రాగి రేకును రేకుతో కలిపిన మాటు అలాంటిది కాదు. తక్కువ ధర బాయిలర్లలో ఆ మాటు తగరం, సీసం కలిపి వేసినది. అది సుమారు 183 డిగ్రీల వద్దనే మెత్తబడటం మొదలుపెడుతుంది. ఏడెనిమిది వందల డిగ్రీల నిప్పు పక్కన ఇంత బలహీనమైన మాటు ఏళ్లతరబడి ఎట్లా నిలుస్తున్నది? నీళ్లుండటంచేత. నీళ్లు మరిగినా వంద డిగ్రీలు దాటవు. వాటిని తాకుతున్న పలుచని రాగి రేకు కూడా ఆ వంద దరిదాపుల్లోనే ఉండిపోతుంది. నిప్పు నుండి వచ్చే వేడిని నీళ్లు ఎప్పటికప్పుడు లాగేసుకొంటాయి. నీళ్లు పోయిన మరుక్షణం ఆ రక్షణ పోతుంది. గొట్టం నిమిషాల్లో ఎర్రబడుతుంది, మాటు కన్నీటిబొట్టులా కారిపోతుంది.

సైకిలు వెనుక కొలిమితిత్తి, మసిబారిన సంచీ కట్టుకొని, పాత్రలకు మాట్లు వేస్తామని కేకవేస్తూ వీధుల్లో తిరిగేవారికి ఈ రోగం చూపుతోనే తెలిసేది. ఇటువంటి సంభాషణ డెల్టాలో ఏ ఇంటి అరుగుమీదనైనా జరిగి ఉండవచ్చు.

“ఏమ్మా, నీళ్లు పొయ్యకుండా నిప్పు వేశారా?”

“అయ్యో, లేదు బాబాయ్. నిండా పోసే వేశాం.”

“పొయ్యటం పోశారు తల్లీ. అందరూ పోసుకున్నాక మళ్లీ పోశారా?”

ఆవిడ మాట్లాడదు. అతడు బాయిలరును బోర్లించి అడుగున గడ్డకట్టిన తెల్లని బొట్టును గోటితో గీకి చూపుతాడు. ఇంటిలో నలుగురు స్నానం చేసి, అయిదవవాడు మిగిలిన నీళ్లను పూర్తిగా పట్టుకొని పోయాడు. నిప్పు మాత్రం ఆర్పకుండా ఉండిపోయింది. ఆఖరున చేసినవాడు ఎవరన్నది ఆ ఇంటిలో ఎప్పటికీ తేలదు.

ఈ ప్రమాదాన్ని గుర్తించి పెద్ద బాయిలర్లకు ఒక ఉపాయం కనిపెట్టారు. 1803లో ఇంగ్లాండులోని గ్రీనిచ్ వద్ద రిచర్డ్ ట్రెవితిక్ ఆవిరి యంత్రపు బాయిలరు ఒకటి పేలి మనుషులు చనిపోయారు. ఆ తరువాత ఆయన బాయిలరులో నిప్పుకు పైనున్న రేకులో సీసపు బిరడా ఒకటి బిగించాడు. నీటిమట్టం తగ్గితే ముందుగా ఆ బిరడా కరిగి, ఆవిరి బుస్సుమని దిగి, మనుషులను హెచ్చరించి నిప్పును అణచివేస్తుంది. అనంతర కాలంలో రైలు ఇంజన్లలోను, మిల్లు బాయిలర్లలోను ఇటువంటి బిరడాలు వచ్చాయి. ఇంటి బాయిలరులో మాటు కరగడం కూడా ఇంచుమించు అటువంటిదే. తేడా ఏమిటంటే అది ఎవరూ కోరి పెట్టినది కాదు, హెచ్చరించదు, నిప్పు ఆర్పదు. నష్టం జరిగిన తరువాత సాక్ష్యంగా మాత్రం నిలుస్తుంది. ఎర్రగా కాలిన ఖాళీ బాయిలరును చూసి కంగారుతో గరాటులో చన్నీళ్లు పోయడం ఇంకా పెద్ద తప్పు. ఒక లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా అవుతుంది. అంత ఆవిరీ పోసిన దారినే ఎదురుతన్నుతుంది. అటువంటప్పుడు నిప్పును పట్టకారుతో బయటికి లాగి, బాయిలరును దానంతట అది చల్లారే వరకు వదిలివేయడమే మేలు.

ఈ సందర్భంలోనే చెప్పవలసినది మరొకటి. గరాటు నుండి ఆవిరి పోతున్నదని, వేడి వృథా అవుతున్నదని కొందరు దానికి గుడ్డ కుక్కుతారు. ఇంకా శ్రద్ధగలవారు కర్రబిరడా బిగిస్తారు. కుళాయి ఎలాగూ కట్టే ఉంటుంది. దానితో నీళ్లు కాచే పాత్ర కాస్తా ఆవిరి బాయిలరుగా మారిపోతుంది. చట్టం తన పరిధిలోకి రాదని వదిలేసిన పాత్ర, చట్టం భయపడిన పాత్రగా తయారవుతుంది. పలుచని రాగిరేకు, సీసపు మాటు ఆ ఒత్తిడికి నిలవవు. గరాటు నోటిని బోర్లించిన చిన్న మూతతో వదులుగా కప్పవచ్చు, బిగించరాదు.

కారుడు గురించి ఒక మాట. బాయిలరు కింద తడి కనిపించినంత మాత్రాన మాటు పోయిందని నిర్ధారించకూడదు. పచ్చికట్టెతోనో, తాటిమట్టతోనో కొత్తగా నిప్పు వేసినప్పుడు పొగలోని నీటి ఆవిరి ఇంకా చల్లగా ఉన్న గొట్టం గోడకు తగిలి చెమర్చి, బొట్లు బొట్లుగా బూడిదలో పడుతుంది. చన్నీళ్ల చెంబు బయట చెమట పట్టినట్లే. నీళ్లు వెచ్చబడేసరికి ఈ కారుడు దానంతట అదే ఆగుతుంది. ఆగకపోతే అప్పుడు అనుమానించాలి. సందేహం తీరాలంటే రాత్రి నిప్పు లేకుండా బాయిలరు నిండా నీళ్లు పోసి, దాని కింద పొడిబూడిద పలుచగా చల్లి పడుకోవాలి. తెల్లవారి బూడిదలో గుంట ఎక్కడ పడిందో చూస్తే బొట్టు ఎక్కడినుండి రాలిందో తెలుస్తుంది. నడుమ పడితే గొట్టం, అంచున పడితే పీపా మాటు, ముందువైపు పడితే కుళాయి. కుళాయి అయితే చాలావరకు లోపలి బిళ్ల గట్టిపడి ఉంటుంది. దానిని మార్చాలే గాని పట్టకారుతో బలంగా తిప్పితే కుళాయి తిరగదు, కుళాయిని పట్టుకొన్న రేకు చిరుగుతుంది.

నీటి గుణాన్ని బట్టి బాయిలరు ఆయుష్షు మారుతుంది. డెల్టాలో మంచినీరంటే కాలువ నీరే. 1855 నాటికి పూర్తయిన కృష్ణ ఆనకట్ట వలన, ఆ తరువాత 1957లో వచ్చిన ప్రకాశం బారేజీ వలన ఆ నీరు బందరు, అవనిగడ్డ, నాగాయలంక వైపు చేరింది. అది సాధారణంగా మెత్తని నీరు. వరదనాళ్లలో ఎర్రగా వస్తుంది కనుక పటిక వేసి తేర్చుకోకపోతే అడుగున ఒండ్రు పేరుకొంటుంది. అంతకంటె పెద్ద ఇబ్బంది వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు. అప్పుడు బోరునీరే గతి. సముద్రానికి చేరువగా ఉన్న గ్రామాల్లో బోరునీరు ఉప్పన, కఠినం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకొన్న తరువాత, మిగిలినవారికి మంచినీటి చెరువులు కూడా ఉప్పుబారి కనిపించాయి. ఆ సీమలో నీటి రుచిని బట్టి దాని స్వభావం చెప్పగలవారు ఊరూరా ఉంటారు. అయితే ఉప్పదనం వేరు, కాఠిన్యం వేరు. మామూలు ఉప్పు లోహాన్ని తింటుంది గాని పెచ్చు కట్టదు. పెచ్చు కట్టేది సున్నం. కఠినజలం కాగినప్పుడు అందులో కరిగి ఉన్న సున్నపు లవణం విడిపోయి, గొట్టానికి తెల్లగా అంటుకొంటుంది. ఆ పెచ్చు రాగికంటె కొన్ని వందల రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. కాగితమంత మందం పేరుకొన్నా బొగ్గు ఖర్చు పెరుగుతుంది. ఇంకా దళసరి అయితే బాయిలరు మాట్లాడటం మొదలుపెడుతుంది. పెచ్చుకూ రాగికీ నడుమ ఇరుక్కొన్న నీరు ఆవిరై పగిలినప్పుడు లోపల టపటపమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విని పిల్లలు భయపడతారు. భయపడవలసిన పని లేదు గాని వినవలసిన పని ఉంది.

విరుగుడు వంటింటిలోనే ఉంది. పాత చింతపండు నానవేసి పిసికిన పులుసు బాయిలరులో పోసి, సన్నని సెగమీద వెచ్చబెట్టి, రాత్రంతా వదిలితే సున్నం బుడగలు కక్కుతూ ఊడివస్తుంది. మరునాడు రెండు మూడుసార్లు కడిగి పారబోయాలి. ఇదే చింతపండు బయటి చిలుమును కూడా పోగొడుతుంది. పెచ్చు గట్టిగా ఉందని ఉలితో గీకినవారు రాగిని కూడా గీకుతారు. ఒక జాగ్రత్త మాత్రం మరువరాదు. సీసపు మాటు, చిలుము పట్టే రాగి ఉన్న పాత్రలోని నీరు ఒంటికే గాని నోటికి కాదు. వంటకు తొందరగా ఎసరు కాగుతుందని బాయిలరు నీళ్లు పట్టుకోవడం, పసిబిడ్డ పాలలో కలపడం చేయకూడని పనులు. అలాగే 60 డిగ్రీల నీరు కొద్ది క్షణాల్లోనే చర్మాన్ని కాలుస్తుంది. బకెట్టులో ముందు చన్నీళ్లు, తరువాతనే వేణ్నీళ్లు అనే పెద్దవాళ్ల నియమం చాదస్తం కాదు. వేణ్నీళ్లే ముందు పట్టి, చెంబు కోసం లోపలికి వెళ్లిన రెండు నిమిషాలలో పిల్లవాడు బకెట్టు అంచు పట్టుకొని లేచి నిలబడగలడు.

ఇంతవరకు చెప్పిన జబ్బులన్నీ బాయిలరువి. మాటు పోతే మాటు వేయించవచ్చు. పెచ్చు కడితే చింతపండు ఉంది. మనిషిని తీసుకొనిపోయే జబ్బు ఒకటి ఉంది. దానికి చప్పుడు లేదు, వాసన లేదు, రంగు లేదు.

బాయిలరు స్థానం పెరడు. వాన పడుతున్నదనో, నీళ్లు మోయలేకనో, బాలింతకు గది వెచ్చగా ఉంటుందనో దానిని స్నానాలగదిలోకి, ఒక్కొక్కసారి పడకగది వాకిట్లోకి తెస్తారు. పొగ వస్తున్నంతసేపు తలుపు తీసే ఉంచుతారు. పొగ పోయి బొగ్గు ఎర్రగా, నిర్మలంగా కాలుతున్నప్పుడు ఇక ఫరవాలేదని తలుపు మూస్తారు. నిజానికి ప్రమాదం పొగ ఆగిన తరువాతనే పెరుగుతుంది. చాలినంత గాలి అందని బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడును విడుస్తుంది. కంటిని మండించే పొగ మనిషిని బయటికి తరుముతుంది. ఈ వాయువు తరమదు, కూర్చోబెడుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె దీనిని రెండు వందల రెట్లకు పైగా ఇష్టంగా పట్టుకొంటుంది. ఒకసారి పట్టుకొన్నదానిని త్వరగా వదలదు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి ప్రాణవాయువు మాత్రం అందదు. మొదట తలనొప్పి, తరువాత తల తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ పోవడం, నిద్ర. స్నానానికి వెళ్లినవారు ఇంకా రాలేదేమని ఇంట్లోవారు కొంతసేపు అనుకొంటారు. వేణ్నీళ్లు కదా, హాయిగా పోసుకొంటున్నారులే అని మరికొంతసేపు అనుకొంటారు.

బాలింత మంచం కింద కుంపటి పెట్టి కిటికీలకు దుప్పట్లు కట్టే ఆచారంలోనూ ఇదే ప్రమాదం దాగి ఉంది. అక్కడ ఉన్నది ఒక ప్రాణం కాదు, రెండు. పెద్దవాళ్లకు ఎదురుచెప్పడం ఇష్టంలేని కోడలు తలనొప్పిని పచ్చివొళ్లు నీరసమనుకొని ఓర్చుకొంటుంది. తలనొప్పి ఆమెకు ఒక్కదానికే కాక, గదిలో తోడుగా పడుకొన్నవారికి కూడా వచ్చిందంటే, బయటికి రాగానే తగ్గిందంటే కారణం కుంపటే. అటువంటప్పుడు వెంటనే తలుపులూ కిటికీలూ బార్లా తీసి, మనుషులను ఆరుబయటికి చేర్చి, 108కి ఫోను చేయాలి. ఆ వాహనం మన పల్లెలకూ వస్తున్నది, అందులో ప్రాణవాయువు ఉంటుంది. మనిషిని బయటికి తెచ్చేవారు కూడా లోపల ఆగి వివరాలు అడగరాదు. ముందు బయటపడాలి. నీళ్లు పెరట్లో కాచి, బకెట్టుతో లోపలికి మోసుకుపోయే కష్టం చిన్నది కాదు. మోకాళ్ల నొప్పులున్నవారికి మరీ కష్టం. అయినా మోయవలసింది నీళ్లనే గాని నిప్పును కాదు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చిన తరువాత గ్యాసుపొయ్యిలు పల్లెలను చేరాయి. గీజర్లూ, బకెట్టులో ముంచే కరెంటు కడ్డీలూ వచ్చాయి. వాటి ప్రమాదాలు వాటికున్నాయి. రాగి ధర పెరిగాక కొన్ని బాయిలర్లు పాతసామాను అంగడికి, తూకం లెక్కన వెళ్లిపోయాయి. ఉన్నవి అటకలమీద ఉన్నాయి. తుపాను వచ్చినప్పుడు మొదట పోయేది కరెంటే కనుక, దివిసీమలో వాటిని పూర్తిగా వదులుకోనివారు ఇప్పటికీ కనిపిస్తారు. ఇబ్బంది అల్లా బాగుచేసేవారితోనే. రాగిరేకును సాగగొట్టి గొట్టం చుట్టగలిగిన కంచరి, నవాసారం చల్లి తగరపు కళాయి పూయగలిగిన చేయి వెతికితే గాని దొరకడం లేదు. కొడుకులు వేరే పనుల్లో స్థిరపడ్డారు. అందుకు వారిని తప్పుపట్టలేము. కొలిమి ముందు కూర్చొని సీసపు పొగ పీల్చిన తండ్రి దగ్గును విన్నవారే వారు.

సంక్రాంతి వెళ్లి మాఘం దాటిన తరువాత బాయిలరుకు విశ్రాంతి. నీళ్లు పూర్తిగా ఒంపి, గొట్టంలోని మసిని కొబ్బరిపీచుతో తోమి, జల్లెడ ఊడదీసి ఊచలకు కాస్త నూనె రాస్తారు. లోపల తడి మిగలకుండా ఒక పగలంతా ఎండలో బోర్లించి ఉంచుతారు. సాయంత్రం గోనెపట్టా చుట్టి అటక ఎక్కించేటప్పుడు కుళాయిని మాత్రం తెరిచే ఉంచుతారు. కట్టి ఉంచితే లోపలి బిళ్ల అతుక్కొనిపోయి, మళ్లీ ధనుర్మాసం వచ్చేసరికి తిరగదు.